సహోద్యోగులు ఏమీ చెప్పని చోట జూనియర్ ఇంజనీరు పని నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న అడిగినవారు: పెద్దబజారు

అందరికీ నమస్కారం. నేను బరంపురంలో పుట్టి పెరిగినవాడిని. ఇంజనీరింగ్ పూర్తయ్యాక మా ఊళ్ళోనే ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరి ఏడాది దాటింది. ఆసుపత్రుల బిల్లులను, మందుల నిల్వలను చూసుకునే ప్రోగ్రాము మీద పనిచేస్తున్నాను. జావా భాష, దాని స్ప్రింగ్ బూట్ చట్రం, డేటాబేసుతో మాట్లాడే హైబర్నేట్ లైబ్రరీ వాడతాము, డేటాబేసు పోస్ట్‌గ్రెస్. ఈ ప్రోగ్రామును మొదట రాసినవారిలో ఒక్కరు కూడా ఇప్పుడు సంస్థలో లేరు.

నాకు పైన ముగ్గురు సీనియర్లు ఉన్నారు. ఒకరిని ఏది అడిగినా, తల తిప్పకుండానే "కోడ్ చదువు, అదే తెలుస్తుంది" అంటారు. రెండవవారు నా కీబోర్డు తమ వైపు లాక్కుని, నాకు కనిపించనంత వేగంగా నాలుగు ఫైళ్ళు మార్చి, పని జరిగిందిగా అని వెళ్ళిపోతారు. మూడవవారు మెత్తని మాట గల మనిషి, కానీ అడిగిన దానికి తప్ప మిగిలిన అన్నిటికీ సమాధానం చెబుతారు. టీమ్ లీడ్ భువనేశ్వర్‌లో ఉంటారు. వీడియో సమావేశంలో పని ఎంత వరకు వచ్చిందని అడగడం తప్ప వేరే మాట ఉండదు. నేను పంపిన ప్రతి పుల్ రిక్వెస్టుకూ (నా కోడ్ మార్పును చూసి కలపమనే వినతికి) ఒక్క వ్యాఖ్య లేకుండా ఆమోదం వస్తుంది. మొదట్లో అది నా కోడ్ బాగున్నందుకే అనుకునేవాడిని. ఎవరూ తెరిచి చూడడం లేదని తరువాత అర్థమైంది.

ఒక ఉదాహరణ చెబుతాను. రోజువారీ బిల్లుల నివేదిక పేజీ తెరుచుకోవడానికి చాలా సమయం పడుతోంది. అడిగితే "ఇండెక్స్ పెట్టు" అన్నారు, అంటే డేటాబేసు త్వరగా వెతకడానికి ఒక సూచిక. పెట్టాను, తేడా రాలేదు. క్వెరీ (డేటాబేసును అడిగే ప్రశ్న) ఎంతసేపు నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ నడిపి చూస్తే ఆ పేజీ క్వెరీ వేగంగానే ఉంది. అక్కడితో నాకు దారి మూసుకుపోయింది. "మేమూ ఎవరూ చెప్పకుండా చూసే నేర్చుకున్నాం" అన్న జవాబుతో ఆ సంభాషణ ముగిసింది.

ఇక్కడ భాష అడ్డంకి కాదని ముందే చెబుతున్నాను; నాకు ఒడియా తెలుగుతో సమానంగా వచ్చును. అమ్మానాన్నలను విడిచి భువనేశ్వర్‌కో విశాఖకో వెళ్ళాలని లేదు. ఇటువంటి చోట ఉంటూ పని నేర్చుకోవడం సాధ్యమేనా? సాధ్యమైతే ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి సమాధానం: వంశధార తీరం

పెద్దబజారు గారూ, మీ ప్రశ్నలో నివేదిక పేజీ సంగతి చెప్పడం మంచిదైంది, ఎందుకంటే మిగిలినదంతా దాని ద్వారానే చెప్పవచ్చు. మాది గుణుపురం; చాలాకాలంగా విశాఖలో ఇదే రకం పని చేస్తున్నాను.

ముందుగా ఆ పేజీ. ఒక క్వెరీ వేగంగా ఉండి పేజీ నెమ్మదిగా ఉన్నదంటే, ఆ క్వెరీ ఎంతసేపు నడిచిందన్నది కాక, ఒక్కసారి పేజీ తెరిచినప్పుడు మొత్తం ఎన్ని క్వెరీలు నడిచాయన్నది అడగవలసిన ప్రశ్న. హైబర్నేట్ వాడే పాత ప్రోగ్రాములలో దాదాపు ఎప్పుడూ ఎదురయ్యేది ఇదే. బిల్లుల జాబితా తేవడానికి ఒక క్వెరీ నడుస్తుంది. ఆ తరువాత ప్రతి బిల్లుకూ దానిలోని మందుల వరుసలను తేవడానికి విడివిడిగా మరొక క్వెరీ నడుస్తుంది. 400 బిల్లులుంటే మొత్తం 401 క్వెరీలు. వాటిలో ఏ ఒక్కటీ నెమ్మదిగా ఉండదు కనుక, ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో ఎన్నిసార్లు చూసినా దొంగ దొరకడు. దీనిని పరిశ్రమలో ఎన్ ప్లస్ వన్ సమస్య అంటారు.

దీనిని మీరు ఎవరినీ అడగకుండానే నిర్ధారించుకోవచ్చు. స్ప్రింగ్‌లో ఎస్‌క్యూఎల్‌ను (క్వెరీలు రాసే భాషను) లాగులో, అంటే ప్రోగ్రాము రాసుకునే చిట్టాలో, చూపే అమరికను మీ యంత్రంలో ఆన్ చేసి, పేజీని ఒక్కసారి తెరవండి. ఒకే క్వెరీ, సంఖ్య ఉండవలసిన చోట ప్రశ్నార్థకంతో, మళ్ళీ మళ్ళీ తెరనిండా పారితే అనుమానం నిజమైనట్లే. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ అనే అనుబంధం ఉన్నది. ఏ క్వెరీ ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంత సమయం తీసుకున్నది అందులో పట్టికగా కనిపిస్తుంది. దానిని అమర్చిన తరువాత డేటాబేసు సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టవలసి ఉంటుంది కనుక ఆ ప్రయోగం మీ సొంత యంత్రంలోనే చేయండి. మరొక హెచ్చరిక: ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఆ వాక్యాన్ని నిజంగానే నడుపుతుంది. డేటాను చదివే సెలెక్ట్‌తో ఇబ్బంది లేదు గానీ, అప్‌డేట్‌కో డిలీట్‌కో ముందు దానిని పెడితే డేటా మారిపోతుంది. అటువంటప్పుడు బిగిన్, రోల్‌బ్యాక్ మధ్య నడపాలి, చివరికి ఆ మార్పు రద్దవుతుంది.

కారణం దొరికాక మరమ్మతు పెద్దది కాదు. బిల్లులతోపాటే వరుసలను కూడా ఒకే క్వెరీలో తెచ్చే జాయిన్ ఫెచ్ అనే పద్ధతి ఉన్నది.

ఇక సీనియర్ల సంగతి. "కోడ్ చదువు" అన్నది విసుగుతో అన్న మాటే అయినా అందులో సగం పనికివస్తుంది. మిగిలిన సగం వారు చెప్పలేదు: ఈనాటి కోడ్‌ను మాత్రమే చదివితే అది ఏమి చేస్తుందో తెలుస్తుంది, అలా ఎందుకున్నదో తెలియదు. ఎందుకన్నది చరిత్రలో ఉంటుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నెల్ పని కోసం, కోడ్‌లో ప్రతి మార్పు చరిత్రనూ దాచే గిట్‌ను రాశారు. దాని ఆదేశాలలో మనలో చాలామంది రోజూ వాడేవి నాలుగో అయిదో మాత్రమే. గిట్ బ్లేమ్ ఒక్కొక్క పంక్తిని చివరిసారి మార్చినది ఏ కమిట్టో (ఒకసారికి నమోదు చేసిన మార్పుల కట్టో) చూపిస్తుంది. ఎవరో ఖాళీలు సర్ది ఫైలంతా తిరగరాసి ఉంటే చిన్న డబ్ల్యూ ఐచ్ఛికంతో ఆ మార్పులను దాటవచ్చు, వేరే ఫైలు నుండి తరలివచ్చిన పంక్తులను పెద్ద సీ ఐచ్ఛికంతో పట్టుకోవచ్చు. గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఐచ్ఛికం ఇచ్చి ఒక పదం రాస్తే, ఆ పదం కోడ్‌లోకి వచ్చిన కమిట్టూ పోయిన కమిట్టూ బయటపడతాయి. నిరుడు పనిచేసి ఈనాడు పనిచేయనిది ఉంటే గిట్ బైసెక్ట్ ఉన్నది. ప్రతిసారీ సగానికి సగం కొట్టివేస్తుంది కనుక వెయ్యి కమిట్ల మధ్య దాగిన తప్పు కూడా పది పరీక్షలలో దొరుకుతుంది. మీ సంస్థ కమిట్ సందేశాలన్నీ "ఫిక్స్", "ఫైనల్ ఫిక్స్" అని ఉంటాయని ఊహించగలను. అయినా తేదీ, టికెట్ (నమోదు చేసిన పని) సంఖ్య, అదే కమిట్‌లో మారిన ఇతర ఫైళ్ళు కలిపి చూస్తే కథ చాలావరకు తెలుస్తుంది.

ఇలా తవ్విన తరువాత అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. "ఈ షరతు ఎందుకు పెట్టారు?" అని అడిగితే, తాను రాయని కోడ్‌కు తనను జవాబుదారీ చేస్తున్నారని సీనియర్‌కు తోచవచ్చు. మీ మూడవ సీనియర్ ప్రశ్నను దాటవేయడానికి అదే కారణమని నా అనుమానం: ఆయనకు తెలియదు, తెలియదని చెప్పడం ఇష్టం లేదు. "ఈ షరతును ఫలానా టికెట్ కోసం చేర్చినట్టుంది, ఇప్పుడు తీసివేస్తే వాపసు బిల్లులలో తేడా వస్తుందని నా పరీక్షలో కనిపించింది, ఇంకేదైనా చోట దెబ్బతింటుందా?" అని అడిగి చూడండి. అవునో కాదో చెప్పడానికి ఎవరికైనా అర నిమిషం చాలు, పరువుకూ భంగం లేదు.

రెండవ సమాధానం: రాయగడ లైన్

వంశధార తీరం గారి సాంకేతిక సలహాతో ఏకీభవిస్తాను, ఒక్క సవరణతో. ఆ నివేదికలో పేజీల విభజన ఉంటే, అంటే ఒకసారికి యాభై బిల్లులు మాత్రమే చూపేలా ఉంటే, జాయిన్ ఫెచ్ వాడకండి. వరుసల సమూహాన్ని జాయిన్ ఫెచ్‌తో తెస్తూ పేజీల పరిమితి కూడా పెడితే, హైబర్నేట్ మొత్తం ఫలితాన్ని సర్వరు మెమరీలోకి తెచ్చుకుని అక్కడ కత్తిరిస్తుంది. లాగులో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది, దానిని ఎవరూ చదవరు. పదిమంది ఒకేసారి తెరిచిన రోజున సర్వరు పడిపోవచ్చు. అటువంటి చోట హైబర్నేట్ డిఫాల్ట్ బ్యాచ్ ఫెచ్ సైజు అమరికను యాభైగా పెట్టండి. అప్పుడు యాభై బిల్లుల వరుసలు ఒక్కొక్క క్వెరీలో వస్తాయి, 400 బిల్లులూ ఒకేసారి తెచ్చినా 401 క్వెరీలు తొమ్మిదికి దిగుతాయి.

అయితే ఆయన సలహాలోని ధోరణితో నాకు పేచీ ఉన్నది. నేను ఒక బృందాన్ని నడుపుతున్నాను, కనుక అవతలి వైపు నుండి చెబుతున్నాను. నేర్చుకునే భారమంతా జూనియర్ మీద వేసి, సీనియర్ పరువును కాపాడే విధంగా ప్రశ్నలు అల్లుకొమ్మనడం నాకు న్యాయంగా తోచలేదు. "మేమూ చూసే నేర్చుకున్నాం" అన్న మాట మన వైపు బాగా చెల్లుతుంది, ఎందుకంటే బరంపురం నేత కుటుంబాలలో పిల్లలు నిజంగానే మగ్గం పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నారు. కానీ అక్కడ చెయ్యి కదలడం కళ్ళకు కనిపిస్తుంది. కీబోర్డు లాక్కుని నాలుగు ఫైళ్ళు మార్చే మనిషి దగ్గర కనిపించేది మార్పు మాత్రమే. అయిదవ ఫైలును ఎందుకు వదిలివేశాడో, మొదట ఏది అనుమానించి పక్కన పెట్టాడో అతని తలలోనే ఉండిపోతుంది. ఇక చూసి నేర్చుకునేది ఏముంటుంది? ఆయన మళ్ళీ కీబోర్డు అందుకోబోతే, "మీరు చెప్పండి, నేను టైపు చేస్తాను" అని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే, వెళ్ళిన వెంటనే ఏమేమి మారిందో చూపే గిట్ డిఫ్ తెరిచి, ఒక్కొక్క మార్పును వెనక్కు తీసి ఏ పరీక్ష విఫలమవుతుందో చూడండి. చాలాసార్లు ఆ నాలుగు ఫైళ్ళలో అవసరమైన మార్పు ఒకదానిలోనే ఉంటుంది.

కోడ్ రివ్యూ, అంటే ఒకరి మార్పును మరొకరు పరిశీలించడం, మీ లీడ్ బాధ్యత, సందేహం లేదు. అయినా మీ చేతిలో ఉన్నది ఒకటి ఉంది: పుల్ రిక్వెస్టు పరిమాణం. గూగుల్ తన ఇంజనీర్ల కోసం రాసుకున్న రివ్యూ మార్గదర్శకాలు బహిరంగంగా ఉన్నాయి. వంద పంక్తుల మార్పు సాధారణంగా సబబైనదనీ, వెయ్యి పంక్తులు సాధారణంగా మరీ పెద్దవనీ అందులో రాశారు. రివ్యూ కోరినవారికి ఒక పనిదినం లోపల స్పందించాలన్న నియమం కూడా అక్కడే ఉన్నది. ఎనిమిది వందల పంక్తులు పంపితే ఆమోదం నొక్కని సీనియర్ అరుదు, ఎందుకంటే అతని పనిని లెక్కించేది మూసిన టికెట్లతోనే గానీ మీకు నేర్పిన పాఠాలతో కాదు. చిన్నది పంపండి. వివరణలో మీకు నిజంగా సందేహం ఉన్న పంక్తిని చూపించి, "ఇక్కడ లావాదేవీ మధ్యలో ఆగిపోతే నిల్వ లెక్క తప్పుతుందా?" అని రాయండి. ఆ ప్రశ్న లిఖితంగా ఉండగా ఆమోదం నొక్కినవారికి బాధ్యత అంటుకుంటుంది. అది వారికీ తెలుసు.

లీడ్‌తో మాట్లాడేటప్పుడు "ఎవరూ సహాయం చేయడం లేదు" అనకండి. అది ఫిర్యాదు అవుతుంది, ఆయన దానిని ముగ్గురికీ చేరవేస్తారు. వారానికి అరగంట, ఫలానా సీనియర్‌తో, ఫలానా మాడ్యూలు గురించి కావాలని అడగండి. ఇవ్వడమో ఇవ్వకపోవడమో రెండింటిలో ఒకటి తేలుతుంది.

మూడవ సమాధానం: గోపాల్‌పూర్ గాలి

పై ఇద్దరూ ఏఐ మాట ఎత్తలేదు, బహుశా ఉద్దేశపూర్వకంగానేనేమో. నేనూ బరంపురంలోనే పనిచేస్తున్నాను. మా ఆఫీసులో సీనియర్లు చెప్పవలసినవి టీ కొట్టు దగ్గర చెప్పుకుంటారు, అక్కడికి ఆడపిల్లలను పిలవరు. కనుక నాకు చాట్‌బాట్ చాలా కాలం సీనియర్ స్థానంలోనే ఉన్నది. కొత్త భాషలో వాక్యనిర్మాణం, దోష సందేశానికి అర్థం, ఒక లైబ్రరీని ఎక్కడ మొదలుపెట్టాలి అన్న వాటికి అది బాగా ఉపయోగపడుతుంది. మీ ఆసుపత్రి బిల్లులో వాపసుకు ఆ వింత షరతు ఎందుకున్నదో దానికి తెలిసే అవకాశం లేదు, అయినా తెలిసినట్టే చెబుతుంది. 2022 డిసెంబరులో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో యంత్రం రాసిన సమాధానాలను నిషేధించినప్పుడు చెప్పిన కారణమూ ఇదే: చూడడానికి బాగుంటాయి, తప్పులు మాత్రం ఎక్కువ. నేను దానిని సమాధానం అడగడం తగ్గించి, "ఈ ఫంక్షన్‌ను తప్పుదారి పట్టించే ఇన్‌పుట్లు చెప్పు" అని అడుగుతున్నాను. అవి సరైనవో కావో టెస్టు నడిపితే తేలిపోతుంది.

రోగుల పేర్లు, బిల్లులు ఉన్న డేటాను గానీ, అనుమతి లేకుండా సంస్థ కోడ్‌ను గానీ అందులో అతికించవద్దు. ఎవరూ చెప్పని ఆఫీసులో ఈ మాట కూడా ఎవరూ చెప్పి ఉండరు కనుక రాస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు: పెద్దబజారు

ముగ్గురికీ ధన్యవాదాలు. లాగు ఆన్ చేసి చూశాను. వంశధార తీరం గారు చెప్పినట్టే ఒకే క్వెరీ తెరనిండా పారింది. పేజీల విభజన కూడా ఉన్నది కనుక రాయగడ లైన్ గారు చెప్పిన బ్యాచ్ పద్ధతి పెట్టాను, పేజీ వెంటనే తెరుచుకుంటోంది. అయితే బిల్లుల వరుసలకు తగ్గినా, వైద్యుని వివరాలు తెచ్చే క్వెరీ ఒకటి ఇంకా మిగిలి ఉన్నది. ఆ వివరాలు ఈ నివేదికలో ఎక్కడా చూపించము.

"కోడ్ చదువు" అనే సీనియర్‌కు రెండు లాగులూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "మందుల నిల్వ పేజీలోనూ ఇదే ఉండాలి" అన్నారు. ఇన్నాళ్ళలో పని గురించి ఆయన నాతో తానుగా అన్న మొదటి మాట అది. దానికి మించి ఏమీ జరగలేదు. లీడ్‌ను అరగంట అడిగాను. ఈ విడుదల అయ్యాక చూద్దామన్నారు. ఆ జవాబును ఎలా తీసుకోవాలో, ఎంతకాలం వేచి చూడాలో తెలియడం లేదు.

వంశధార తీరం

వైద్యుని క్వెరీకి కారణం జేపీఏ (హైబర్నేట్ పాటించే జావా ప్రమాణం) నియమంలోనే ఉన్నది. మెనీ టు వన్ (అనేక బిల్లులకు ఒక వైద్యుడు వంటి) సంబంధాన్ని ఏమీ చెప్పకుండా వదిలితే, అవసరం ఉన్నా లేకున్నా వెంటనే తేవాలన్నది దాని సహజ అమరిక. వన్ టు మెనీకి (ఒక బిల్లుకు అనేక వరుసల వంటి దానికి) దీనికి వ్యతిరేకం. బిల్లు ఎంటిటీలో (బిల్లుల పట్టికకు ప్రతిరూపమైన జావా క్లాసులో) వైద్యుని దగ్గర లేజీ, అంటే అడిగినప్పుడే తెమ్మని, స్పష్టంగా రాయండి. రాసే ముందు ఆ వివరాలను వాడుకునే ఇతర పేజీలను వెతకండి, లేకపోతే సెషన్ (డేటాబేసుతో ఆ సంభాషణ) మూసుకున్న తరువాత వైద్యుని పేరు అడిగే చోట దోషం వస్తుంది.

రాయగడ లైన్ గారు నా ధోరణిని తప్పుపట్టారు, ఆ పేచీని ఇక్కడ తేల్చబోను. సీనియర్ మారాలన్నది నిజమే గానీ, ఆయన మారేవరకు పెద్దబజారు గారికి గడవవలసిన సోమవారాలు చాలా ఉన్నాయి. ఈలోగా మంచి రివ్యూ ఎలా ఉంటుందో చూడాలంటే మీరు వాడే పోస్ట్‌గ్రెస్సే ఉన్నది. దాని అభివృద్ధి చర్చలు చాలావరకు బహిరంగ మెయిలింగ్ లిస్టులలో ఉన్నాయి. ఒక ప్యాచ్‌ను (కోడ్ మార్పును) పంపినవారు, దానిని చీల్చి చెండాడినవారు, మళ్ళీ సరిచేసి పంపిన రూపాలు అన్నీ చదవవచ్చు. సోర్స్ కోడ్‌లో క్వెరీని ఏ దారిలో నడపాలో ఎంచే ప్లానర్ ఉన్న డైరెక్టరీలోనూ, బీ ట్రీ ఇండెక్సుల డైరెక్టరీలోనూ వివరణలుండే రీడ్‌మీ ఫైళ్ళు ఉన్నాయి. అవి తేలిక చదువు కాదు. మొదటిది సగం అర్థమైనా, "ఇండెక్స్ పెట్టు" అన్న మాట ఎప్పుడు చెల్లుతుందో ఎప్పుడు చెల్లదో ఎవరినీ అడగనవసరం ఉండదు.

రాయగడ లైన్

విడుదల తరువాత అన్న మాటను నమ్మండి, కానీ తేదీ వేసి నమ్మండి. విడుదల అయిన మరుసటి సోమవారం నాటికి క్యాలెండరులో అరగంట మీరే పెట్టి, చర్చించవలసిన మాడ్యూలు పేరు అందులో రాసి ఆయనకు పంపండి. దానినీ వాయిదా వేసి, ఇంకొక విడుదల తరువాత అంటే, అది ఆయన సమాధానమని అర్థం చేసుకోవచ్చు. బరంపురంలో ఇల్లు ఉన్నది, అద్దె లేదు, అమ్మానాన్నలు ఉన్నారు, ఈ లాభాలను నేను తక్కువ చేయను. నేను వాటిని వదులుకుని వెళ్ళినవాడిని. అయితే ఊరు విడవడమూ ఉద్యోగం విడవడమూ ఒకటే కావు. ఇంటి నుండే చేసే ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఇవ్వడం మొదలుపెట్టండి, మీ కోడ్‌ను ఎవరు రివ్యూ చేస్తారు, ఎలా చేస్తారు అని అక్కడ మీరే అడగండి. ఇంటి నుండి పనిచేసేచోట పక్క కుర్చీ ఉండదు కనుక ఆ ప్రశ్నకు గట్టి జవాబు రాని సంస్థలో చేరవద్దు. రాజీనామాకు ముందు నియామక పత్రంలో నోటీసు గడువు ఎంతో చదవండి. రెండు మూడు నెలలు రాసి ఉండడం మన దగ్గర మామూలే, చిన్న సంస్థలలో బాండు కూడా ఉండవచ్చు.

నిల్వ పేజీ మరమ్మతును మాత్రం ఎవరూ చెప్పకముందే మీరే చేపట్టండి. ఆ సీనియర్‌నే రివ్యూకు పెట్టి, వివరణలో మార్పుకు ముందు ఎన్ని క్వెరీలు నడిచాయో, తరువాత ఎన్ని నడిచాయో రెండు సంఖ్యలూ రాయండి. వైద్యుని లేజీ మార్పును దానితో కలపకుండా వేరే పుల్ రిక్వెస్టుగా పంపండి.